పూనకం కాదని చెప్పిన అక్క

గణాచారి అక్క పోయిందని మొన్న కోడూరు నుంచి ఆమె కూతురు కబురు చేసింది. గుడివాడలో ఉన్న మా అబ్బాయికి ఫోన్ చేసి చెప్తే, "అత్తా?" అన్నాడు.

బందరులో మా వీధి మొదట్లో ఆమె ఇల్లు. నాకు తోడబుట్టింది కాదండీ, అయినా అక్కే. రోజూ చేపలమ్మేది. ఏడాదికోసారి జాతరలో గణాచారిగా నిలబడితే అమ్మవారు ఆమె మీదికి వచ్చేది. జుట్టు విరబోసుకుని, తల తిప్పుతూ, వీధి దద్దరిల్లేలా అరిచేది. మర్నాడు గొంతు పోయి సైగలతోనే బేరాలాడేది. బేరం తెగాక ఇంకో చేప వేసి, పిల్లలకు పెట్టమన్నట్టు నోటి దగ్గర చెయ్యి చూపించేది. ఎంత మంచి మనిషో ఏమని చెప్పను!

తొంభైల చివర్లో మావాడు పాలిటెక్నిక్ చదివేవాడు. స్నేహితులిచ్చిన ఇంగ్లీషు క్యాసెట్లు వినేవాడు. అవి గిటార్లు కావు, రంపాలు. పాడేవాడు పాడడు, అరుస్తాడు. హెవీ మెటల్ అంటారట. దానికి మావాడు తల ఊపుతుంటే నాకు భయం వేసేది. అంతలో కాలేజీలో ఒకడి మూతి పగలగొట్టాడు. ఆ పాటలే పిల్లల్ని పాడు చేస్తున్నాయని లెక్చరరు గారన్నారు. నేను పూనకమే అనుకున్నాను. దించమని వెళ్లి అక్కను తీసుకొచ్చాను.

ఆమె చేపల తట్ట గుమ్మంలో దించి, మంచం మీద వాడి పక్కన కూర్చుంది. ఆపొద్దని చెప్పి, క్యాసెట్ ఒక పక్క అయ్యేదాకా వింది. అప్పుడడిగింది: "ఇది వింటే ఎవర్నైనా కొట్టాలనిపిస్తుందా అబ్బాయ్?"

"ఇది వింటే కాదత్తా," అన్నాడు వాడు, నా వైపు చూడకుండా. "నాన్న బండి చప్పుడు వింటే అనిపిస్తుంది."

సిగ్గు విడిచి రాస్తున్నాను. వ్యాపారంలో ఎవరు నన్ను ఒక మాటన్నా, ఇంటికొచ్చి వాడి మీద చెయ్యి చేసుకునేవాణ్ణి. ఆ దెబ్బే వాడు తీసుకెళ్లి కాలేజీలో ఇచ్చాడు.

అక్క తిట్టలేదు. తిట్టినా బాగుండేది. బయటికొచ్చి మెల్లగా అంది: "తమ్ముడూ, అమ్మవారు వచ్చినప్పుడు నేనూ అరుస్తాను. ఏనాడైనా ఎవరి మీదైనా చెయ్యెత్తానా? వాడికేం పూనలేదు. దించాల్సింది వాడికి కాదు."

మర్నాటి నుంచి వీధి మొదట్లోనే మోపెడ్ ఆపేసి, చప్పుడు లేకుండా ఇంటిదాకా నెట్టుకెళ్లేవాణ్ణి. పెట్రోలు అయిపోయిందా అని మా ఆవిడ అడిగితే అవుననేవాణ్ణి. అక్కకు తెలుసు. అరుగు మీద నుంచి చూసి ఊరుకునేది. కొట్టడం మానేశాను గానీ, వాడితో మాట్లాడే మొహం లేకపోయింది.

అలా ఎన్నాళ్లు గడిచాయో. ఒక సాయంత్రం బండి ఉన్నట్టుండి తేలికైంది. తిరిగి చూస్తే, కాలేజీ నుంచి వస్తున్న మావాడు వెనక నుంచి నెడుతున్నాడు. ఆ సంతోషం రాయడానికి నా చదువు చాలదు. అక్క అరుగు దిగి వచ్చి, దారికడ్డంగా ఎండుచేపలు పరిచిన పట్టాను ఒక పక్కకు లాగి, మా ఇద్దరికీ దారి చేసింది.