చీటీ అక్కర్లేదు, చూపు చాలు

జిరాక్స్ మిషన్‌లోంచి వచ్చే వేడి కాగితానికి ఒక వాసన ఉంటుంది, కాస్త మాడినట్టు. ఆత్మకూరులో మా కొట్లో రోజంతా ఆ వాసనలోనే ఉంటాను. మొన్న డిగ్రీ చదివే అమ్మాయి ఒకతె నాలుగు కాగితాలు తెచ్చి రెండేసి కాపీలు తియ్యమంది. ఏదో నవల మీద క్లాసులో మాట్లాడాలట, వాళ్ళన్నయ్య రాసిచ్చాడట. తీస్తూ తీస్తూ చదివాను. ఆడవాళ్ళు గడప దాటాలంటే మగవాడి సంతకం ఉన్న చీటీ కావాలనడం అతిశయోక్తి అనీ, ఇలాంటివి ఎక్కడా జరగవనీ రాసి ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ నవల నాకు తెలుసు. పదిహేడేళ్ళ కిందట ఉదయగిరిలో చదివాను. చదివి దాని గురించి ఒకే ఒక్క వాక్యం రాశాను. ఆ వాక్యం వల్ల ఒక మనిషి ఇల్లు ఖాళీ చేసి పోవలసి వచ్చింది. ఆమె పేరు దీనమ్మ టీచరు.

ఆమె చుట్టుపక్కల పల్లెల్లో పిల్లలకు చదువు చెప్పి చెప్పి, రిటైరయ్యాక ఉదయగిరిలో ఒక ఇల్లు అద్దెకు తీసుకుంది. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లల్లేరు. ముందుగదిలో రెండు బీరువాల పుస్తకాలు, బయట వసారాలో ఒక బల్ల పెట్టి, ఎవరైనా వచ్చి చదువుకోవచ్చు అంది. పొద్దున మగవాళ్ళు వచ్చి వసారాలో పేపరు చదివి పోయేవాళ్ళు. మధ్యాహ్నం అంట్లు తోముకుని ఆడవాళ్ళం వెళ్ళేవాళ్ళం. మనిషి పొట్టి, గొంతు మాత్రం మూడు తరగతులకు సరిపోయేది. తప్పు కనపడితే ఆమె ప్రాణం ఊరుకోదు. పెళ్ళి శుభలేఖ ఇస్తే, ఇచ్చినవాళ్ళ ఎదురుగానే పెన్ను తీసి అక్షరదోషాలు దిద్ది, మిగతావి పంచేలోపల సరిచేయించుకోమని వెనక్కి ఇచ్చేసేది. ఆమెను పెళ్ళికి పిలవాలంటే జనం జంకేవాళ్ళు.

నేను చేజర్ల పిల్లను. ఉదయగిరికి కోడలినై వచ్చిన రెండో ఏడు మొదటిసారి ఆ గదికి వెళ్ళాను. టీచరు పుస్తకాల కార్డు రాస్తూ పేరు అడిగింది. మా ఆయన పేరు రాసుకోమన్నాను. సరే, ఆయన పేరేమిటంది. అక్కడ ఆగిపోయాను. మొగుడి పేరు నోటితో అంటే ఆయుష్షు తగ్గుతుందని మా అవ్వ నేర్పింది. పోనీ నా పేరు చెబుదామా అంటే ఆ ఊళ్ళో ఎవరికీ తెలియదు, నేను ఫలానావాళ్ళ రెండో కోడలిని, అంతే. పక్కనున్న ఇద్దరిదీ అదే బాపతు. ఒకామె ఇంట్లోంచి రేషన్ కార్డు పట్టుకొచ్చి మొగుడి పేరు మీద వేలు పెట్టి చూపిస్తోంది. టీచరు పెన్ను బల్ల మీద పడేసి మమ్మల్ని ముగ్గురినీ చూసింది.

"ఆయన పేరు నోటితో అనకూడదు, మీ పేరు చెప్తే ఊరికి తెలవదు. మరి కార్డు ఎవురికి ఇయ్యాల, గోడకా?"

పడీ పడీ నవ్వాం. నవ్వి, చివరికి మొగుళ్ళ పేర్లే రాయించుకున్నాం. పుస్తకం తిరిగి రాకపోతే అడగడానికి ఊరికి తెలిసిన పేరు ఉండాలి కదా అని ఆమె కూడా ఒప్పుకుంది. ఊరందరి తప్పులూ దిద్దే మనిషి ఆ ఒక్కదాన్నీ దిద్దకుండా వదిలేసింది. తలచుకుంటే ఇప్పటికీ ఆమె మీద కోపం వస్తుంది. మా ఆయన పేరు మాలకొండయ్య. నోటితో అనకూడదన్నారు గాని, రాయకూడదని నాకెవరూ చెప్పలేదు.

నవల సంగతి చెబుతాను. అది ఏ దేశం కథో చెప్పరు. అక్కడ ఆడది దేనికైనా మగవాడి చీటీ చూపించాలి. సంతకు పోవాలన్నా, పుట్టింటికి పోవాలన్నా, మందు కొనుక్కోవాలన్నా అంతే. జ్వరంతో కాగిపోతున్న ఒకామె ఆసుపత్రి గేటు దగ్గర నిలబడి ఉంటుంది, చీటీ మీద సంతకం పెట్టవలసినవాడు పేకాటలో ఉంటాడు. పుస్తకానికి అట్ట ఊడిపోతే టీచరు క్యాలెండరు కాగితం అంటించింది, దాంతో మా అందరికీ అది క్యాలెండరు పుస్తకం. చదివినవాళ్ళు ఏమనుకున్నారో రాయమని బల్ల మీద ఒక నోటుబుక్కు పెట్టి, కింద కార్డులో ఉన్న పేరు వెయ్యమంది. పొద్దున వచ్చే మగవాళ్ళలో చదివి రాసినవాళ్ళకంటే చదవకుండా రాసినవాళ్ళే ఎక్కువ. ఆడవాళ్ళను చెడగొట్టే రాతలని ఒకరు. మన ఆడవాళ్ళు మహారాణులు, ఈ బాధలు మనకెక్కడివని ఇంకొకరు. మా రేషన్ కార్డు ఆమె మాత్రం, ఆసుపత్రి గేటు కాడ పుస్తకం మూసేసినాను, మళ్ళా తెరవబుద్ధి కాలేదు అని రాసి, కింద మొగుడి పేరు వేసింది.

మహారాణులమట! అంతకు ముందు నెలే మా నాయనకు బాగాలేదని చేజర్ల నుంచి కబురు వచ్చింది. సంచి సర్దుకుని వసారాలోకి వచ్చాను. మా మామ చేతిలో పేపరు కిందికి దించి ఒక్క చూపు చూశాడు. వద్దనలేదు, ఎందుకనలేదు, అసలు నోరే విప్పలేదు. నేను సంచి లోపల పెట్టేశాను. నాలుగు రోజులకు నాయన పోయాడని ఫోను వచ్చింది. అప్పుడు మాత్రం కారు మాట్లాడుకుని అందరం కలిసి వెళ్ళాం. ఆ మంట కడుపులో ఉండగా పెన్ను పట్టుకున్నాను. మా ఇంట్లో చీటీ కూడా అక్కర్లేదు, చూపు చాలు అని రాశాను. చెప్పినట్టే కింద మాలకొండయ్య అని పేరు వేశాను.

మర్నాడు పొద్దున పేపరుకు వచ్చినవాళ్ళు నోటుబుక్కు తిరగేశారు. అదే మాట టీకొట్టుకు చేరింది. మాలకొండయ్యకు ఇంట్లో చీటీ కూడా అక్కర్లేదంట, పెళ్ళాం చూస్తే చాలంట అని ఒకడు మొదలుపెడితే, పాపం ఎన్ని కష్టాలు పడుతుండాడో అని ఇంకొకడు అందుకున్నాడు. మా ఆయన వెళ్ళేసరికి కొట్టంతా ఒకటే నవ్వులు. మగవాడు ఇంట్లో భయపడుతున్నాడంటే వాళ్ళకు నవ్వులాట. ఆ వాక్యం ఆడది రాసి ఉండొచ్చన్న ఊహ ఒక్కడికీ రాలేదు, తమ ఇళ్ళలో భయపడేది ఎవరో తెలిసి కూడా. ఈయన ఇంటికొచ్చి అన్నం తినకుండానే పడుకున్నాడు. నా అక్షరాలు ఆయనకు తెలుసు, సరుకుల చీటీలు రాసేది నేనే కదా.

ఆ సాయంత్రమే మామ టీచరుకు కబురు పంపాడు, నోటుబుక్కుతో సహా రమ్మని. ఆమె ఉంటున్న ఇంటి ఓనరు ఆయనకు చిన్నాన్న కొడుకు, అతనూ వచ్చి కూర్చున్నాడు. టీచరుకు కుర్చీ వెయ్యలేదు. ఎందుకు వెయ్యలేదో చదివేవాళ్ళకు నేను విప్పి చెప్పక్కర్లేదు. ఆమె ఎవరినీ అడగకుండా మెట్టు మీద కూర్చుంది. మామ ఆ పేజీ తీసి, ఇది రాసిందెవరని అడిగాడు. నేను తలుపు వెనక ఉన్నాను. టీచరు తల ఎత్తి తలుపు వైపు చూసి, అలాగే చాలాసేపు ఉంది.

"నేనే రాసినాను," అంది చివరికి. "కార్డు చూసి రాయబోయి పేరు తప్పు వేసినాను."

శుభలేఖల్లో దీర్ఘం పోతే నిద్రపట్టని మనిషి, పేరు తప్పు వేసిందట! అక్కడ ఒక్కరు కూడా నమ్మి ఉండరు. కానీ నమ్మితే అందరికీ సుఖం, కాబట్టి నమ్మారు. ఈయన తలుపు వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. మామ ఆ పేజీ తన చేత్తోనే చించాడు. నెలాఖరుకు ఇల్లు ఖాళీ చెయ్యమని ఓనరు చెప్పాడు. ఆమె సరేనని లేచి, చీర దులుపుకుని వెళ్ళిపోయింది.

టీచరు ఆత్మకూరుకు మారింది. ఆరు నెలల తర్వాత, కళ్ళు చూపించుకోవాలని ఇంట్లో చెప్పి బస్సెక్కి ఆమె దగ్గరికి వెళ్ళాను. కృతజ్ఞతలు చెప్పడానికని మీరు అనుకోవచ్చు. కాదు, పోట్లాడడానికే వెళ్ళాను. ఆమె ఇచ్చిన మంచినీళ్ళు కూడా తాగలేదు.

"ఆ మాట నాది టీచర్. మొదట ఆయన పేరు మీద పోయింది, తర్వాత మీ పేరు మీద పోయింది. మిమ్మల్ని ఎవురు చెప్పమన్నారు?"

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"నువ్వు తలుపెనకాల ఉండావని నాకు తెలుసు అమ్మాయ్. గాజులు ఇనపడినాయి. వస్తావేమోనని శానాసేపు చూసినాను. రాకపోతివి."

వస్తే నన్ను బతకనిచ్చేవాళ్ళా అని అడిగాను. అప్పటికి ఏడుపు వచ్చేసింది.

"అందుకే నేను చెప్పినాను. నాకు ఇల్లు పోతే ఇంకో ఇల్లు దొరికింది, నీకు దొరికేదా? మాట మటుకు నీదే. నేను ఎత్తి పెట్టినాను, అంతే. ఎప్పుడన్నా వచ్చి తీసుకో, వదిలిపెట్టబాక."

పిల్లల చదువులకని వేరుపడి మేమూ ఆత్మకూరు వచ్చాం, కొట్టు పెట్టుకున్నాం. ఆమె ఇంటికి వారానికి రెండుసార్లు వెళ్ళేదాన్ని. ఎన్నో మాట్లాడుకున్నాం, ఆ సంగతి మాత్రం నేను ఎత్తలేదు, ఆమె అడగలేదు. రెండేళ్ళ కిందట ఆమె పోయింది. సమాధి దగ్గర నలుగురూ ఆమె గురించి మంచిగా మాట్లాడారు. ఉదయగిరిలో పెద్దల ముందు మెట్టు మీద కూర్చుని, రాసింది నేనేనని చెప్పిన ధైర్యస్తురాలు అన్నారు ఒకరు. నా వాక్యాన్ని అక్షరం పొల్లుపోకుండా ఆమె మాటగా చెప్పారు. నేను మూడో వరుసలో నిలబడి విన్నాను. ఈసారి అడ్డంగా తలుపు కూడా లేదు. అయినా నోరు రాలేదు. సిగ్గులేని నోరు!

ఆమె ధైర్యం ఆమెదే, దానికి కళ్ళారా చూసిన సాక్షిని నేను. ఇంకొకరి మాటను ఇన్నేళ్ళు దాచి, ఆ సాయంత్రం తప్ప ఒక్కసారైనా తనదని చెప్పుకోని మనిషిని నేను మళ్ళీ చూడలేదు. కానీ ఇక చాలు. అతిశయోక్తి అని రాసిన ఆ అన్నయ్యకూ, సమాధి దగ్గర మాట్లాడినవాళ్ళకూ కలిపి చెబుతున్నాను. ఇది అచ్చయితే ఈయన కూడా చదువుతాడు. చదివి, పేపరు కిందికి దించి నా వైపు చూస్తాడు. చూడనీ. ఆ వాక్యం మాలకొండయ్య రాయలేదు, దీనమ్మ టీచరు రాయలేదు. రాసింది నేను, పెంచలమ్మను.