మాస్టరు గారి రెండో రక్తపరీక్ష

బేకరీలో అందరూ ఆయన్ని మాస్టరు అనే పిలుస్తారు. ఊరు పడుకున్నాక పిండి కలిపి, ఊరు లేచేసరికి వేడి బ్రెడ్డును అరల్లోకి ఎక్కించడం ఆయన పని. ఆ పనిలోనే జుట్టు నెరిసింది. మనిషి మొండి. జ్వరమొస్తే, కాసేపు బట్టీ దగ్గర నిలబడితే అదే పోతుందనే రకం. అలాంటివాడు ఆ రోజు డాక్టరు ముందు కూర్చుని నీళ్లు నమిలాడు.

"నీరసంగా ఉంటోందండీ. పిండి బస్తా ఎత్తలేకపోతున్నా."

"ఇంకా?"

"ఇంకా అంటే... ఇంట్లో కూడా అంతే."

అసలు సంగతి ఆ చివరి మాటే. ఏడాదిగా ఆయనకు భార్య మీదికి మనసు పోవడం లేదు. ఆమె ఒకసారి అడిగింది, రెండోసారి అడగలేదు. ఓ రోజు తల దువ్వుకుంటూ, "నేను ముసలిదాన్నయిపోయా, మీరు మాత్రం ఏం చేస్తార్లెండి" అంది. ఆ మాట ఆయనకు ముల్లులా గుచ్చుకుంది. కాదని చెప్పాలనుకున్నాడు. ఎలా చెప్పాలో తెలియక పనికి పోయాడు. మగవాళ్ల తెలివితేటలు అంతవరకే.

"వయసు పైబడ్డాక కొందరు మగవాళ్లకి టెస్టోస్టిరాన్ అనే హార్మోను తగ్గుతుంది. రక్తంలో చూద్దాం. పొద్దున్నే, పరగడుపున ఇవ్వండి" అన్నాడు డాక్టరు.

మర్నాడు డ్యూటీ దిగి నేరుగా ల్యాబుకు వెళ్లి చెయ్యి చాపాడు. తక్కువని వచ్చింది.

ఇంకొకడైతే కుంగిపోయేవాడు. ఈయనకు ప్రాణం లేచొచ్చింది. ఇంటికెళ్లి, "చూశావా, లోపం నా రక్తంలో ఉందట. నీలో ఏం లేదు" అన్నాడు.

ఆమె ఆ రిపోర్టును అటూ ఇటూ తిప్పి చూసి కళ్లు తుడుచుకుంది. "ఈ పనేదో ముందే చెయ్యొచ్చుగా? ఏడాది నుంచి నన్ను కాల్చుకు తిన్నారు" అని తిట్టింది. ఆమె నోటి వెంట తిట్టు వచ్చిందంటే ఇల్లు దారిన పడినట్టే. ఆ పూట ఇద్దరూ కలిసి భోంచేశారు.

ఇక ఆ హార్మోను ఇంజెక్షన్ ఇచ్చేయమని డాక్టరు దగ్గరికి వెళితే, ఆయన తొందరపడలేదు.

"ఒక్క పరీక్షతో తేల్చకూడదు మాస్టారూ. ఇంతకీ ఆ రోజు ఎన్నింటికి లేచారు?"

"లేవడమేంటండీ, పడుకుంటేగా!"

"ఏమీ తినలేదు కదా?"

"అబ్బే, తినలేదు. రుచి చూశానంతే. ప్రతి వాయికీ ఓ ముక్క తుంచి చూడకపోతే ఎలా?"

బేకరీలో అది తినడం కిందికి రాదు. రాత్రంతా రుచి చూసి, ఆకలేస్తోందంటూ ఇంటికెళ్లి భోంచేసే జాతి అది. డాక్టరు నవ్వాపుకున్నాడు.

"నిద్రపోయి లేచాకే ఈ హార్మోను బాగా ఉంటుంది. నిద్ర లేకపోయినా, తిని వచ్చినా తగ్గి కనిపిస్తుంది. పగలు ఎంతసేపు పడుకుంటారు?"

"ఏడాదిగా నిద్రెక్కడిదండీ? మా ఇంటి కింద కార్లు బాగుచేసే షెడ్డు పెట్టారు. పొద్దస్తమానం రేకులు బాదుతూనే ఉంటారు."

"అయితే కొన్నాళ్లు సెలవు పెట్టి రాత్రిళ్లు పడుకోండి. తర్వాత ఓ పొద్దున లేచి, ఏదీ నోట్లో వేసుకోకుండా రండి."

మాస్టరుకు కొత్త భయం పట్టుకుంది. ఈసారి బాగానే ఉందని వస్తే? లోపం రక్తంలో లేదంటే ఆమె మళ్లీ తనలోనే వెతుక్కుంటుంది. పరీక్షలో జబ్బు తేలాలని కోరుకున్న మనిషిని ఎక్కడైనా చూశారా? ఈయన కోరుకున్నాడు.

సెలవు పెట్టాడు. మొదట్లో, పిండి పొంగే వేళకు ఉలిక్కిపడి లేచి కూర్చునేవాడు. "పిండి ఎవరో ఒకరు చూసుకుంటార్లెండి, పడుకోండి" అని ఆమె భుజం పట్టి వెనక్కి లాగేది. తర్వాత తర్వాత మొద్దునిద్ర పట్టింది. తెల్లవారాక ఇద్దరికీ వెంటనే లేవబుద్ధయ్యేది కాదు.

రెండో పరీక్షలో అంతా మామూలుగానే ఉందని వచ్చింది. మందు అక్కర్లేదు, నిద్ర కావాలి, సరిగ్గా పడుకుంటూ కొన్నాళ్లకు మళ్లీ చూపించుకోండి అన్నాడు డాక్టరు. మాస్టరు అటు నుంచి బేకరీకి వెళ్లి, ఓనరుతో మాట్లాడి ఇంటికొచ్చాడు.

"ఏమన్నారు?" అంది ఆమె.

"రక్తం బాగానే ఉందట."

బట్టలు మడతపెడుతున్న ఆమె చేతులు ఆగిపోయాయి. "అంటే, అప్పుడు..."

"నన్ను చెప్పనీ. పగటి డ్యూటీ అడిగొచ్చా. కౌంటర్లో బ్రెడ్డు కోసి ప్యాక్ చెయ్యడం."

ఆ బట్టీ మీద ఇంకొకరి చెయ్యి పడితే ఈయన ఎంత రభస చేస్తాడో ఆమెకు తెలుసు. "మాస్టరు అనిపించుకుని కౌంటర్లో నిలబడతారా? ఎందుకు?"

"ఈ సెలవుల్లో నీ పక్కన పడుకుని, నీ పక్కనే లేచా. నాకు అదే కావాలి."

ఆమె చేతిలో బట్టలు పక్కన పడేసింది. "ఈ ముక్క చెప్పడానికి రెండుసార్లు రక్తం ఇచ్చుకోవాలా?" అంది. అని, ఆయన భుజాన తల ఆనించి ఏడ్చింది.