చూస్తున్నాం బావగారూ

ఆ ఆఫీసులో ఆయన్ని అందరూ గంటాయన అనేవాళ్లు. హెచ్చరిక గంట కొట్టడం తప్ప ఇంకో పని చేతకాదని వాళ్ల లెక్క. అంతకుముందు ఇరవై రెండేళ్లు నీళ్ల పంపుల దగ్గర మీటర్లు చూశాడు. ముల్లు వెంట్రుకవాసి కదిలితే ఆయన కనురెప్ప కదిలేది. ఒకసారి తుమ్ము ముంచుకొస్తే, ముల్లు నిలకడగా నిలబడేదాకా దాన్ని ఆపుకున్నాడు. ఆ తుమ్ము మర్నాడు మధ్యాహ్నం వచ్చింది. నమ్మనివాళ్లు నమ్మొద్దు, దాని దెబ్బకి ఎగిరిన కాగితాలు ఏరినవాళ్లు ఇంకా బతికే ఉన్నారు.

పంపులకి మనుషుల అవసరం తీరిపోయాక భార్య తమ్ముడు ఆయన్ని తన ఆఫీసులో కుర్చీ ఎక్కించాడు. అది బస్సు టికెట్ల కంపెనీ. ఎవరు ఏ బస్సులో ఏ సీటు తీసుకున్నారో ఆ వివరమంతా డేటాబేస్‌లో ఉంటుంది. డేటాబేస్ మాత్రం ఆఫీసులో ఉండదు, ఎక్కడో అద్దెకి తీసుకున్న యంత్రాల్లో ఉంటుంది. దాన్నే క్లౌడ్ అంటారు.

"ఈ మబ్బు కురవకూడదు బావా. కురిసిందంటే మన ఉద్యోగాలు కొట్టుకుపోతాయి," అని బావమరిది మొదటిరోజే చెప్పాడు. ఆ గదికి పెద్ద అతనే.

గంటాయన ముందు నాలుగు తెరలు. డేటాబేస్ ఎంత త్వరగా జవాబిస్తోంది, ఎన్ని పనులు వరసలో నిలబడ్డాయి, యంత్రం మీద ఎంత బరువు పడింది, స్టోరేజీ ఎంత నిండింది, అన్నీ గీతలుగా కనబడతాయి. గీత హద్దు దాటితే అలర్ట్ ముందు ఆయనకే వస్తుంది. నిజమో కాదో చూసి ఆయన గదిలోవాళ్లందరూ ఉన్న ఫోను గ్రూపులో పెట్టాలి. పెడితే అందరి ఫోన్లూ మోగుతాయి. మూడు నెలలు ఇది సరిగ్గా చేస్తే పర్మనెంటు కాగితం మీద పెద్ద మేడమ్ సంతకం పెడుతుంది. ఆ సంతకం అయిపోయిందనే భార్య చుట్టాలందరికీ చెప్పేసుకుంది.

గొడవంతా ఆయన కళ్లతోనే వచ్చింది. హద్దు దాటినవే కాదు, దాటాలని మనసులో అనుకున్న గీతల్ని కూడా గ్రూపులో పెట్టేవాడు. రోజుకి నలభై. స్నానం చేసేవాడి ఫోను, అన్నం కలుపుకునేవాడి ఫోను ఒకేసారి మోగేవి. ఒకరోజు "గీత ఎందుకో నాకు నచ్చలేదు" అని పెట్టాడు.

"నచ్చకపోవడానికి ఇదేమన్నా గీతల చొక్కానా అంకుల్?" అంది పక్క బల్ల దగ్గరి కళ్లజోడమ్మాయి.

"బావా, నీకు దణ్ణం పెడతాను," అన్నాడు బావమరిది. "చీటికీమాటికీ లేచి నా బల్ల దగ్గరికి రాకు. కుర్చీ వదిలావంటే ఆ రోజే ఆఖరు. ఏదున్నా గ్రూపులో పెట్టు. ఇదిగో, కొత్త గ్రూపు పెట్టాను, ఇకమీదట అన్నీ ఇందులోనే."

కొత్త గ్రూపులో ఏం పెట్టినా వెంటనే ఒక జవాబు వచ్చేది: "చూస్తున్నాం బావగారూ."

గంటాయన పొంగిపోయాడు. పెళ్లయిన పాతికేళ్లలో ఆ బావమరిది నోట "బావా, ఒరే బావా" తప్ప రాలేదు. ఇంటికెళ్లి భార్యకి ఫోను చూపించాడు. "చూడవే, మీ తమ్ముడు. గారూ అంటున్నాడు."

"నలుగురిలో ఉన్నప్పుడు అలాగే అంటారు లెండి," అంది ఆవిడ, తమ్ముడి పెంపకం తనదే కాబట్టి.

ఆ గ్రూపులో ఆయన తప్ప మనిషన్నవాడు లేడు. జవాబిచ్చేది యంత్రం, ఆ మాట దానికి నేర్పింది బావమరిది. ఎన్ని వచ్చాయో లెక్క మాత్రం అది అతని ఫోనుకి పంపేది. రోజూ టీ దగ్గర గదిలోవాళ్లంతా పందెం కాసేవాళ్లు, ఇవాళ బావగారు ఎన్ని పెడతారని. గెలిచినవాడికి సమోసా. కళ్లజోడమ్మాయి గెలిచి గెలిచి ఒళ్లొచ్చిందంటే అబద్ధం కాదు.

సంతకం శుక్రవారం. గురువారం పొద్దున పదింటికి స్టోరేజీ గీత తొంభై శాతం దాటింది. గంటాయన పెట్టాడు. చూస్తున్నాం బావగారూ. తొంభై మూడు. చూస్తున్నాం బావగారూ. తొంభై ఆరు దగ్గర ఆయన తలెత్తి చూశాడు. పదడుగుల దూరంలో, అద్దం గోడకి అవతల, బావమరిది ఫోను చూపించి ఎవరినో నవ్విస్తున్నాడు. లేవబోయాడు. కుర్చీ వదిలితే ఆఖరన్న మాట గుర్తొచ్చింది. సంతకానికి ఇంకా ఒక్క రోజు. మళ్లీ కూర్చుని మళ్లీ పెట్టాడు.

పదకొండుంబావుకి స్టోరేజీ నిండిపోయింది. సీట్లు నమోదవడం ఆగిపోయింది. అమ్మిన సీటే ఖాళీగా కనబడి మళ్లీ మళ్లీ అమ్ముడుపోయింది. కిటికీ పక్క సీటొకటి పందొమ్మిది మందికి వెళ్లింది. ఒక బస్సులో డ్రైవరు సీటుకి కూడా మనిషొచ్చి, టికెట్ చూపించి డ్రైవర్ని లెమ్మన్నాడు.

మధ్యాహ్నం పెద్ద మేడమ్ పిలిచింది. బావమరిది, కళ్లజోడమ్మాయి ఒక పక్క. గంటాయన ఒక పక్క.

"అలర్ట్ ఎందుకు పెట్టలేదు?"

"పెట్టాను మేడమ్. ముప్పై ఒకటి." ఫోను బల్ల మీద పెట్టాడు.

ఆవిడ చదివింది. గ్రూపులో ఆయన, జవాబిచ్చే యంత్రం తప్ప ఎవరూ లేరని కూడా చూసింది. "ఇది ఎవరు చేశారు?"

గంటాయన బావమరిది వైపు చూశాడు. అతను గోళ్లు చూసుకుంటున్నాడు.

"మా బావమరిది, మేడమ్."

"సరదాకి మేడమ్," అన్నాడు బావమరిది. "పిచ్చి అలర్టులు తట్టుకోలేక. వాటిలో నిజమైంది కూడా ఉంటుందని ఎవరనుకుంటారు?"

మేడమ్ పెదవి కొసన నవ్వు వచ్చి ఆగింది. "ప్రతి జవాబూ అదే సెకనుకి వచ్చింది. అంత త్వరగా ఎవరు చదువుతారండీ? మీకు అనుమానం రాలేదా?"

"మర్యాద తెలిసినవాళ్లు త్వరగానే పలుకుతారనుకున్నాను."

కళ్లజోడమ్మాయి దగ్గు నటించింది.

"పదడుగులు నడవలేకపోయారా?"

"కుర్చీ వదలొద్దన్నారు."

"మీరు గీత చూడలేదు," అంది మేడమ్ మెల్లగా. "ఆ 'గారూ' అన్న మాట చూశారు. రేపటి నుంచి రావద్దు." తర్వాత బావమరిదితో, "ఇలాంటి సరదాలు ఆఫీసు బయట పెట్టుకోండి," అంది. అతని శిక్ష అంతటితో సరి.

ఇంటికి వెళ్లేసరికి భార్యకి కబురు ముందే అందింది. గుమ్మంలోనే నిలబడి ఉంది.

"మీటింగులో వాడి పేరు చెప్పారా?"

"అడిగారు. చెప్పాను."

"మీ ఉద్యోగం ఎలాగూ పోయేదే కదా. వాడిది కూడా పోతే మన మొహం ఎవరు చూస్తారు? కుర్చీ వేసి కూర్చోబెట్టినవాడి కుర్చీ లాగుతారా?"

"ఆ గ్రూపులో ఎవరూ లేరే. నన్ను..."

"వాడికి సారీ చెప్పి రండి. మీరు వెళ్లకపోతే నేను వెళ్తాను."

మర్నాడు పొద్దున గంటాయన ఆఫీసుకి వెళ్లాడు. గేటు దగ్గర ఆఫీసు కార్డు పనిచేయలేదు. అరగంట ఎండలో నిలబడ్డాక బావమరిది కిందకి దిగొచ్చాడు.

"తప్పయిపోయింది," అన్నాడు గంటాయన. "అందరి ముందు నీ పేరు చెప్పకుండా ఉండాల్సింది."

బావమరిది ఆయన భుజం తట్టాడు. "పోనీలే బావా, నేనేం మనసులో పెట్టుకోలేదు. అక్కకి కూడా అదే చెప్పాను." అని చెయ్యి చాపాడు. గంటాయన ఆ చెయ్యి పట్టుకోబోయాడు.

"చెయ్యి కాదు బావా. కార్డు."