జెండా మాదైతే మనుషులూ మావాళ్లే

ఇక్కడ పనివారం మొదలయ్యే ఆదివారం పొద్దున నేను ఆఫీసు తెరిచి కూర్చున్న కాసేపటికి మా రాయబారి తన గదిలోంచి వచ్చి నా బల్ల దగ్గర నిలబడ్డారు. ఏదైనా కావాలంటే ఆయన ఫోన్ చేస్తారు తప్ప లేచి రారు. "మంత్రిగారు పోయారు. నిన్న సాయంత్రం, ఇంట్లోనే," అన్నారు. ఆ తర్వాత నా బల్ల మీది కాగితాలు సర్ది మళ్లీ లోపలికి వెళ్లిపోయారు.

ఆవిడ పదవి దిగిపోయి చాలాకాలమైంది. తర్వాత ఇద్దరు విదేశాంగ మంత్రులు మారారు. అయినా మా ఎంబసీలో "మంత్రిగారు" అంటే ఆవిడే.

నేను కిందికి వెళ్లేసరికి మా డ్రైవరన్న కారు కడుగుతున్నాడు. ఆయనది జగిత్యాల వైపు పల్లె. విషయం చెప్పాను. నీళ్ల పైపు కట్టేసి, తడి చేతులు చొక్కాకు తుడుచుకున్నాడు.

"గా మేడమేనా చెల్లె? మొన్న పండక్కి నాకు మెసేజ్ పెట్టిండ్రు గదా. బాగలేదని ఒక్క మాట గూడ అనలే."

ఎవరితోనూ అనలేదట. ఆవిడ పద్ధతే అది.

నాది కాకినాడ. కతార్ రాజధాని దోహాలో ఒక చిన్న యూరప్ దేశపు ఎంబసీలో ఆఫీసు పనులు చూస్తాను. ఆ దేశం ఎంత చిన్నదంటే, దాన్ని తీసుకొచ్చి మా జిల్లాలో పెడితే ఇంకా చోటు మిగులుతుంది. ఎంబసీ కూడా అలాంటిదే. రాయబారి, ఆయన కింద ఒక అధికారి, నేను, డ్రైవరన్న, వంటాయన. అంతమందిమే కాబట్టి వాళ్ల దేశం నుంచి మంత్రి వస్తున్నారంటే అందరం అన్ని పనులూ చేయాల్సిందే. ఆవిడ మొదటిసారి వచ్చినప్పుడు విమానాశ్రయానికి నన్నే పంపారు.

పెద్ద పరివారంతో దిగుతారనుకున్నాను. వెంట ఒక్క సహాయకుడే ఉన్నాడు. ఆవిడకు అరవై దాటి ఉంటాయి. పొట్టి మనిషి, పొట్టి జుట్టు, చేతిలో తన సంచి తనే. తీసుకోబోతే ఇవ్వలేదు. కారెక్కగానే ముందు నా పేరు అడిగారు, తర్వాత డ్రైవరన్న పేరు. రెండూ సరిగ్గా పలికేదాకా నాలుగైదుసార్లు అనుకున్నారు. ఆ తర్వాత ఎన్నేళ్లకు ఫోన్ చేసినా ఆ పేర్లు తప్పు పలకలేదు.

దారిలో డ్రైవరన్నను ఒక ప్రశ్న అడిగారు. "ఇక్కడ నీకేదైనా కష్టమొస్తే ఎవరి దగ్గరికి వెళ్తావు?"

నేను తెలుగులో చెప్పాను. ఆయన అద్దంలోంచి చూస్తూ జవాబిచ్చాడు. "మా ఎంబసీకి పోతం మేడమ్. గని మా మంది శానా ఉన్నరు. లైను పొడుగుంటది."

ఆవిడ నవ్వారు. "మావాళ్లు ఈ దేశంలో మహా అయితే రెండు బస్సులకు సరిపోతారు. మాకు లైను ఉండదు. కాబట్టి తప్పించుకోవడానికి సాకూ ఉండదు," అన్నారు.

చిన్న దేశపు విదేశాంగ మంత్రికి ఏం పనుంటుందని నాక్కూడా సందేహం ఉండేది. అది ఆవిడ వెంట తిరిగితే తీరింది. పెద్ద దేశాల్లో ఒక్కో పనికి ఒక్కో శాఖ ఉంటుంది. వీళ్ల మంత్రిత్వ శాఖ మొత్తం ఒకే భవనంలో ఒకే అంతస్తు. పొద్దున యూరప్ దేశాల కూటమి సమావేశంలో తమకన్నా వందరెట్లు పెద్ద దేశపు మంత్రి పక్కన కూర్చుని సమానంగా ఓటు వేయాలి. దేని మీద ఓటు వేస్తున్నారో ఆ కాగితాలన్నీ స్వయంగా చదవాలి. మధ్యాహ్నం తమ దేశపు జున్ను కొనమని ఎవరినో ఒప్పించాలి. ఈలోగా ఎక్కడో పాస్‌పోర్టు పోగొట్టుకున్న విద్యార్థి సంగతి వస్తుంది. సగం దేశాల్లో వాళ్లకు ఎంబసీయే లేదు, అక్కడ ఇంకో దేశాన్ని బతిమాలి పని చేయించుకోవాలి. తమ పౌరుడు పరాయి దేశంలో చనిపోతే ఇంటివాళ్లకు ఫోన్ చేసేది ఆవిడే. "ఆ పని కింది వాళ్లకు అప్పజెప్పవచ్చు కదా?" అని ఒకసారి అడిగాను. "వాళ్లు నా ఊరివాళ్లు. రేపు రొట్టెల కొట్లో ఎదురుపడతారు," అన్నారు.

సమావేశం మొదలవగానే చేతి గడియారం విప్పి సంచిలో వేసుకునేవారు. ఎదుటి మనిషి మాట్లాడుతుంటే టైము చూసుకోవడం ఆవిడకు నచ్చదు. ఇక్కడి చిక్కటి పాల టీ, కరక్ చాయ్ అంటే ఇష్టం. హోటల్ కాఫీ వదిలేసి, కారు ఆపించి రోడ్డు పక్కన కాగితపు కప్పులో తాగేవారు.

ఓడ సంగతి ఆవిడ రెండోసారి వచ్చినప్పుడు జరిగింది.

దోహా పక్కనే ఉన్న లుసైల్‌లో ఒక అంతర్జాతీయ సమావేశం. ఆ సాయంత్రం ఒక పెద్ద దేశపు మంత్రితో ఆవిడకు విందు ఏర్పాటైంది. ఆ విందు కోసం మా రాయబారి నెలల తరబడి తిరిగారు. వీళ్ల దేశానికి కావలసిన ఒక ఒప్పందం ఆ పెద్ద దేశపు మంత్రి మద్దతు మీదే ఆధారపడి ఉంది. ఆ రోజు మధ్యాహ్నం నావికులకు సాయం చేసే సంస్థ నుంచి నాకు ఫోన్ వచ్చింది. కతార్ ఉత్తర కొసన ఉన్న అల్ రువైస్ రేవు అవతల సముద్రంలో ఒక చిన్న సరుకు ఓడ లంగరేసి ఉంది. దాని ఓనరు చేతులెత్తేశాడు, ఫోన్ తీయడం లేదు. సిబ్బంది నెలల తరబడి అందులోనే ఉండిపోయారు. తాగే నీళ్లు అడుగంటాయి.

నేను రాయబారికి చెప్పాను. ఆయన సిబ్బంది వివరాలు తెప్పించుకుని చూశారు. భారతీయులు, ఫిలిప్పీన్స్ వాళ్లు, కెప్టెన్ ఇంకో దేశస్థుడు. "మన పౌరులు ఒక్కరూ లేరు. వాళ్ల వాళ్ల ఎంబసీలకు తెలియజేద్దాం," అన్నారు. అది తప్పని ఎవరూ అనలేరు.

మంత్రిగారు పక్కనే కూర్చుని చెప్పులు విప్పి పాదాలు నొక్కుకుంటున్నారు. "ఆ ఓడ వెనక ఏ జెండా ఉంది?" అని అడిగారు.

రాయబారి కాగితం మళ్లీ చూసి, "మనదే," అన్నారు.

ఓడల ఓనర్లు తమ సొంత దేశంలో కాకుండా వేరే దేశంలో ఓడను రిజిస్టర్ చేయించుకుని, ఆ దేశం జెండా ఎగరేసుకోవచ్చని నాకు ఈ ఉద్యోగంలోనే తెలిసింది. ఫీజు కడితే చాలు. వీళ్ల దేశం అలాంటి రిజిస్ట్రేషన్లు చాలా చేస్తుంది.

ఆవిడ చెప్పులు తొడుక్కున్నారు. "జెండా మాదైతే మనుషులూ మావాళ్లే. అక్కడికి ఎంతసేపు?"

"విందు ఉంది," అని రాయబారి గుర్తుచేశారు.

"ఆయనకు నేనే ఫోన్ చేసి క్షమించమంటాను. ఆయన దేశం రేపు కూడా పెద్దదిగానే ఉంటుంది. ఆ నీళ్లు రేపటిదాకా ఉంటాయో ఉండవో."

డ్రైవరన్న ఉత్తరం రోడ్డు పట్టాడు. కారులోంచే ఆవిడ కతార్ విదేశాంగ శాఖకు ఫోన్ చేసి, ఓడ దగ్గరికి వెళ్లడానికి అనుమతీ, తాగునీళ్లూ అడిగారు. గట్టిగా ఒక్క మాట అనలేదు. అడిగిందే మళ్లీ మర్యాదగా అడుగుతూ పోయారు. మేం రేవు చేరేసరికి తీరరక్షక దళం పడవ సిద్ధంగా ఉంది. అందులో నీళ్ల డబ్బాలు ఎక్కిస్తున్నారు.

ఓడ పక్కకు చేరాక పైనుంచి తాడు నిచ్చెన వేశారు. పడవ ఊగుతోంది. "మీరు ఎక్కనవసరం లేదు, కెప్టెన్‌ని కిందికి రమ్మందాం," అన్నారు రాయబారి. "వాళ్లే కదా ఇన్నాళ్లూ ఎవరైనా వస్తారని చూసింది," అని ఆవిడ సంచి నా చేతికిచ్చి నిచ్చెన పట్టుకున్నారు. మధ్యలో ఒకసారి ఆగారు. తాడును హత్తుకుని ఊపిరి తీసుకున్నారు. కిందికి చూడలేదు. ఆవిడ ఎక్కాక నేనూ ఎక్కాల్సి వచ్చింది.

పైకి చేరి నేను "అమ్మయ్య" అనగానే ఇంజన్ గదిలో పనిచేసే ఒకతను ముందుకొచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి, శ్రీకాకుళం తీరంవాడు. "తెలుగోరా అమ్మా?" అన్నాడు. తర్వాత మంత్రిగారి వైపు చూసి, "ఈవిడెవరు? ఓడ ఓనరా?" అని అడిగాడు.

"కాదు, విదేశాంగ మంత్రి. ఈ జెండా వాళ్లది."

"మరి మాతోటి ఆవిడకేటి పని?"

ఆ ప్రశ్నను ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ అతని వైపే చూస్తూ జవాబిచ్చారు. "ఈ ఓడ మీద ఉన్నంతకాలం నువ్వు మా చట్టం కింద ఉన్నావు. నీకు నీళ్లు లేవంటే మా ఇంట్లో నీళ్లు లేనట్టే. ఆలస్యంగా వచ్చాను."

అందరితో మాట్లాడారు. వంటగది, పడకలు, జబ్బు చేసిన వంటమనిషి, అన్నీ చూశారు. అయితే అందర్నీ ఒకేసారి దింపడం కుదరదని అక్కడే తేలింది. మనిషి లేని ఓడ లంగరు జారితే దారిన పోయే పడవలకు ప్రమాదం. కనీసం ఇద్దరుండాలి. కెప్టెన్ తప్పదు. రెండోవాడిగా శ్రీకాకుళం అబ్బాయి తనంతట తనే నిలబడ్డాడు.

"నాను దిగిపోతే జనరేటర్ ఎవుడు సూస్తాడు? లైటు నేని ఓడని ఏ చేపల పడవో వొచ్చి గుద్దీసుకుంటాది. ఆలకీ పిల్లలుంతారు. కెప్టెన్ గారిని ఒగ్గీసి ఎలా ఎల్తాను?"

అతని మాటలు ఆవిడకు చెప్పాను. "మీ ఇద్దరూ దిగేదాకా ఈ పని నా బల్ల మీదే ఉంటుందని చెప్పు. ఇంకొకరి బల్ల మీదికి పోదు," అన్నారు.

మిగతావాళ్లు త్వరలోనే ఇళ్లకు చేరారు. ఆ ఇద్దరి సంగతి మాత్రం తెమల్లేదు. ఓనరు దొరకడు. బీమా కంపెనీ ఒప్పుకోదు. ఓడల శాఖ ఆవిడ చేతిలోది కాదు, ఇంకో మంత్రిది. ఆయన వాళ్ల సంకీర్ణ ప్రభుత్వంలోని వేరే పార్టీ మనిషి. ఆవిడ రోజూ మెట్లు దిగి ఆయన ఆఫీసుకు వెళ్లి కూర్చునేవారని సహాయకుడు తర్వాత చెప్పాడు. వారం వారం నాకు స్వయంగా ఫోన్ చేసేవారు. "వాళ్లిద్దరూ ఏం తింటున్నారు? కెప్టెన్ రక్తపోటు మందులు అందాయా?" మందులు అందాయంటే, "ఎవరు అందించారు, నువ్వు చూశావా?" అనేవారు. నేను, డ్రైవరన్న సెలవు రోజున అల్ రువైస్ వెళ్లి సరుకులు పంపేవాళ్లం. శ్రీకాకుళం అబ్బాయి పచ్చి మిరపకాయలు తప్ప ఏమీ అడిగేవాడు కాదు.

అక్కడ వాళ్ల పార్లమెంటులో గొడవైంది. మన పౌరులు కానివాళ్ల కోసం విందు వదిలేసి దేశానికి అందాల్సిన ఒప్పందాన్ని పోగొట్టారని ప్రతిపక్షం నిలదీసింది. ఆ ఒప్పందం నిజంగానే వెనక్కి పోయింది. ఆవిడ జవాబు ఇంటర్నెట్‌లో వచ్చింది. మా రాయబారి నన్ను పిలిచి ఒక్కో వాక్యం అర్థం చెప్పారు. "మన జెండా కట్టుకోవడానికి ఫీజు తీసుకున్నప్పుడు ఓడలో ఎవరున్నారని మనం అడగలేదు. ఇప్పుడు అడిగే హక్కు మనకు లేదు. ఒప్పందం కోసం మళ్లీ వెళ్తాను. మళ్లీ వెళ్లడం నా ఉద్యోగం." సభలో చప్పట్లు పెద్దగా ఏమీ రాలేదు. ఆవిడ కూర్చుని తర్వాతి కాగితం తీశారు.

చివరికి బీమా కంపెనీ దిగొచ్చింది. ఓడకు కాపలా ఉండటానికి వేరే మనుషులను పెట్టడానికి ఒప్పుకుంది. ఆ ఇద్దరూ దిగే రోజున మేం రేవులో ఉన్నాం. కెప్టెన్ ఒడ్డున ఒక దిమ్మె మీద కూర్చుండిపోయాడు. శ్రీకాకుళం అబ్బాయి మాత్రం మాకు నమస్కారం పెట్టి, సంచి కింద పెట్టి, రేవు రోడ్డు వెంట నడవడం మొదలుపెట్టాడు. పిలవబోయాను.

"నడవనియ్ చెల్లె," అన్నాడు డ్రైవరన్న. "కాళ్లకు నేల కావాలె గదా."

అతను రోడ్డు చివరిదాకా వెళ్లి తిరిగొచ్చాడు. అప్పుడు మంత్రిగారికి వీడియో కాల్ కలిపాను. సమావేశం మధ్యలోంచి లేచి వచ్చినట్టున్నారు, వెనక మనుషులు నిలబడి ఎదురుచూస్తున్నారు. అతనికి ఇంగ్లీషు రాదు. ఎంతో చెప్పాలనుకున్నాడు. చివరికి ఒకటే మాట అన్నాడు.

"మేడమ్ గారికి సెప్పమ్మా. ఒక్క రాత్రి కూడా లైటు ఆర్పనేదు."

చెప్పాను. ఆవిడ తలూపారు. "నాకు తెలుసు," అన్నారు. ఏడవలేదు, నవ్వలేదు. అతని ముఖాన్ని గుర్తుపెట్టుకోవాలన్నట్టు చూస్తూ ఉండిపోయారు.

ఆ తర్వాతి ఎన్నికల్లో వాళ్ల పార్టీ ఓడిపోయింది. దిగిపోయేలోపే ఆవిడ ఆ ఒప్పందం కోసం మళ్లీ రెండుసార్లు వెళ్లారు, సంతకం చేయించుకునే దిగారు. ఆ వార్త మా దగ్గర ఎవరూ రాయలేదు, అక్కడా లోపలి పేజీలోనే వేశారట.

నేను ఆవిడను చివరిసారి చూసింది రెండేళ్ల కిందట. ఇక్కడి విద్యార్థులతో మాట్లాడటానికి పిలిస్తే మామూలు టికెట్టు మీద వచ్చారు. విదేశాంగ మంత్రికి ముఖ్యంగా ఏం కావాలని ఒక అమ్మాయి అడిగింది. "మంచి చెప్పులు," అన్నారు. అందరూ నవ్వారు గానీ ఆవిడ నవ్వలేదు.

తిరుగు ప్రయాణం రోజున నేను, డ్రైవరన్న విమానాశ్రయంలో దింపాం. లోపలిదాకా వస్తామంటే వద్దని పంపించేశారు. అద్దాల తలుపు అవతల లైను నెమ్మదిగా కదులుతోంది. ఆవిడ ముందు ఎవరో కూలిమనిషి, ఇంటికి పోతున్నట్టున్నాడు. తాళ్లతో బిగించిన పెద్ద అట్టపెట్టె ఉంది, దాని ట్రాలీ చక్రం ఇరుక్కుపోయింది. ఆవిడ తన సంచి భుజానికి తగిలించుకుని వంగి పెట్టెకు ఒక పక్క తాడు పట్టుకున్నారు. అతను మొదట వద్దన్నాడు. తర్వాత రెండో పక్క పట్టుకున్నాడు. లైను కదిలినప్పుడల్లా ఇద్దరూ పెట్టెను ఎత్తి ఒక అడుగు ముందుకు వేసి దించుతున్నారు. మళ్లీ ఎత్తుతున్నారు. వెనక ఎవరో హారన్ కొట్టేదాకా మేం కారు తీయలేదు.