నీళ్ళు పోసిన బంగారు పాళీ

నా చిన్నప్పుడు పుంగనూరులో మా తాతయ్య దగ్గర ఉన్నన్ని మంచి పెన్నులు జిల్లా కలెక్టరు దగ్గర కూడా ఉండేవి కావు. నేను చెప్పేవాటిలో సగం తీసేసి వినడం మా ఇంట్లో వాళ్ళకు అలవాటు. సరే, కలెక్టరును తీసెయ్యండి, పెన్నులు మాత్రం నిజం. పట్టు వ్యాపారం మీద కుప్పంలో రైలెక్కి బెంగళూరు పోయినప్పుడల్లా మంచి పెన్ను కనిపిస్తే తాతయ్య ఒట్టి చేతులతో వచ్చేవాడు కాదు. అన్నీ విదేశాల్లో చేసినవి, బంగారు పాళీలవి. ఒకసారి పాలిచ్చే పొట్టి ఆవును అమ్మి, వెండి మూత ఉన్న నల్లటి లావుపాటి పెన్ను తెచ్చాడు. "ఆవయితే పాలిచ్చేది. ఇదేమిస్తాదంట?" అని మా అవ్వ ఏళ్ళ తరబడి దెప్పింది. ఆ ఆవు కుప్పం స్టేషను దాకా వచ్చి తాతయ్యను సాగనంపిందని నేను బళ్ళో చెప్పేదాన్ని.

తాతయ్య పెన్నుల్ని పెట్టెలో దాచి మురిసిపోయే రకం కాదు. రాసేకొద్దీ పాళీ అరిగి, రాసే చేతి వాటానికి తిరుగుతుందనేవాడు. అందుకే పొరుగువాళ్ళు సంతకానికి అడిగినా ఇచ్చేవాడు కాదు. రోజూ పొద్దున్నే ఒక పెన్ను తీసి, మూత విప్పి, ఒకసారి వాసన చూసి రాయడం మొదలుపెట్టేవాడు.

నాకు పదేళ్ళప్పుడు ఆయన చూపు తగ్గడం మొదలైంది. మదనపల్లె కంటి డాక్టరు, పోయిన చూపు తిరిగి రాదన్నాడు, ఉన్నది కూడా నిలవదన్నాడు. మరుసటి రోజు నుంచి ఆవును అమ్మి తెచ్చిన ఆ పెన్నుతో, విడి కాగితాల మీద, తాను బతుకులో చూసినవన్నీ రాయడానికి కూర్చున్నాడు. "మర్సిపోకముందే రాసి పెట్టేయాల పాపా. ఇంగ కొత్తగా సూసేదేమీ ల్యా" అన్నాడు. మొదట్లో ఆ కాగితాలను ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. అంతా అయినాక నా చేత చదివించుకుంటానన్నాడు.

కొన్నాళ్ళకు చూపు పూర్తిగా పోయింది. రాయడం మాత్రం ఆపలేదు. తనలాగే పెన్నుల పిచ్చి ఉన్న మదనపల్లె సాయిబు ఒకాయన పలకరించడానికి వచ్చాడు. రాస్తున్న కాగితం మీదికి వంగి చూశాడు. పెరట్లోకొచ్చి మా అవ్వతో మెల్లగా చెప్పాడు: "అక్కా, అన్న రాసేది ఒగదాని మీద ఒగటి పడతాండాది. మసి పూసినట్టుండాది కాయితమంతా. ఒక్క అచ్చరం తెలీదు." అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను లోపలికి పోయి అంతకు ముందు రాసినవి తీసి చూశాను. అవీ అంతే; చూపు కాస్త ఉన్నప్పుడు రాసిన కాగితాల మీద కూడా, కనబడక మళ్ళీ రాసేశాడు. నెలల తరబడి రాసిందంతా మసి.

ఆ తర్వాత అవ్వ ఏం చేసిందంటే, పెన్నులో ఇంకుకు బదులు నీళ్ళు పోయడం మొదలుపెట్టింది. ఇంటికొచ్చినవాళ్ళు ఆ మసి చూసి జాలిపడటం ఆమె భరించలేకపోయింది. నీళ్ళయితే పాళీ ఎప్పటిలాగే తడిగా జారుతుంది, రాస్తున్నానన్న తృప్తి ఆయనకు ఉంటుంది, కాగితం ఆరిపోయి తెల్లగా మిగులుతుంది. "తాత అడిగితే ముత్యాల్లా ఉండాయని సెప్పు" అని నా చేత ఒట్టు వేయించుకుంది. మొదట్లో గొట్టంలో అంటుకున్న పాత ఇంకు ఆ నీళ్ళకు కాస్త రంగూ వాసనా ఇచ్చేది. పోనుపోను అదీ పోయింది.

ఒకరోజు పొద్దున, అవ్వ బయట కళ్ళాపి చల్లుతుండగా, తాతయ్య కాగితం నా వైపు చాపాడు. "సదువు పాపా, నిన్న కుప్పం టేసను గురించి రాసినా."

తెల్ల కాగితం. నేను చదివాను. మంచు పడుతున్న స్టేషను, మంచులోంచి ఏనుగుల గుంపు, వాటికి దారివ్వడానికి ఆగిపోయిన రైలు, ఏనుగు తొండానికి టికెట్టు అందించిన స్టేషను మాస్టరు. నోటికొచ్చింది వచ్చినట్టు చదివేశాను.

తాతయ్య నవ్వాడు. "ఏనుగులు నేను రాయలేదే?"

"రాసినావు తాతా. ఈడ ఉండాది."

ఆయన కాగితం తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పాళీని వాసన చూశాడు. తర్వాత దాన్ని నాలుక మీద ఆనించుకున్నాడు. "నీళ్ళు పోసిందంటే నా రాత అంత సెడిపోయిందన్న మాట" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. "ఏడవాకు. మీ అవ్వకు సెప్పాకు. పాపం, ఏం సేస్తాది ఆమె మాత్రం."

ఇంకు తెమ్మని ఆయన అడగలేదు. ఆ తర్వాత కూడా రోజూ పొద్దున్నే అవ్వ పెన్నులో నీళ్ళు నింపి చేతికిచ్చేది. అవ్వ వంటింట్లో ఉన్నంతసేపూ ఆమెకు వినిపించేలా తాతయ్య కాగితం మీద పాళీ ఆడించేవాడు. "నువ్వేదో ఒగటి సెప్పుకో పాపా, పొద్దు పోతాది" అనేవాడు నాతో. నేను చెప్పేదాన్ని, ఆయన తలాడించేవాడు. గుమ్మంలో నిలబడి చూసిన అవ్వ, ఆయన సంతోషంగా ఉన్నాడనుకుని కళ్ళొత్తుకునేది. ఒకరి కోసం ఒకరు నటిస్తూ ఆ ఇద్దరూ ఏడాది గడిపారు. నిజం మాట్లాడుకోవడానికి ఆ ఇంట్లో చోటు లేకుండా పోయింది. వానలు మొదలయ్యేసరికి తాతయ్య పోయాడు.

ప్రేమ మనిషిని కాపాడుతుందని అందరూ అంటారు. ఆ ప్రేమే మనిషి నోరు కూడా మూసేయగలదని నాకు ఆ చిన్న వయసులోనే తెలిసింది. నోటితో చెప్పు, మేం వింటాం అని ఆయనతో ఎవరూ అనలేదు. ఆ మాట ఎవరికీ తట్టనే లేదు. చెప్పేది నేను, వినేది ఆయన. ఇప్పుడు తాతయ్య గురించి ఎవరైనా అడిగితే గంటలకొద్దీ చెబుతాను. కుప్పం స్టేషనులో ఏనుగుల గురించి చెబితే పిల్లలు పడీపడీ నవ్వుతారు. ఆయన అక్కడ నిజంగా ఏం చూశాడో, దేన్ని మరిచిపోతానని అంతగా భయపడ్డాడో, ఒక్క ముక్క కూడా నా దగ్గర లేదు. నా దగ్గర ఉన్నవన్నీ నేను కల్పించినవే.