మేక కొమ్ముల బిళ్ళ

నా చిన్నప్పుడు మా ఇంట్లో దేవుడి గూటికంటే ఎక్కువ మడి పాటించిన చోటు మా తాతయ్య బిళ్ళల పెట్టె. దేవుడి గూట్లో చెయ్యి పెడితే అమ్మ ఒక కసురు కసిరి ఊరుకునేది. బిళ్ళల పెట్టె అద్దం మీద వేలిముద్ర కనిపించిందా, తాతయ్య ఇంటిల్లిపాదినీ నిలబెట్టి విచారణ జరిపేవాడు. బళేపేటలో ఆయనకు మేకులు, గడియలు, తాళాలు అమ్మే అంగడి ఉండేది. పొద్దంతా ఇనుముతో వేగి వచ్చిన మనిషి మళ్ళీ ఇత్తడి ముందేసుకుని కూర్చోవడం ఏమిటని నాయనమ్మ సణుగుతూ ఉండేది.

ఆ బిళ్ళలు ఒక బట్టల మిల్లువి. రూపాయి కాసుకంటే కాస్త పెద్దవి, పైన చిన్న బెజ్జం, మధ్యలో నంబరు. పొద్దున పనిలోకి వెళ్ళేవాళ్ళు గేటు దగ్గర బోర్డుకు తగిలించిన తమ బిళ్ళ తీసి లోపల ఇస్తే ఆ రోజు వచ్చినట్టు లెక్క. తరవాత మిల్లులో కార్డుల పద్ధతి వచ్చింది. బిళ్ళలన్నీ గోనెసంచుల్లో మా అంగడి వీధిలోని పాత ఇత్తడి కొట్టుకు చేరాయి. కరిగించి చెంబులు చేసేస్తారని తెలిసి తాతయ్య పరుగున వెళ్ళి, సంచులు కుమ్మరించి, నచ్చినవి ఏరి తెచ్చుకున్నాడు.

వాటిని శుభ్రం చేయడం పెద్ద తతంగం. ముందు గోరువెచ్చటి కుంకుడు రసంలో నానబెట్టాలి. జిడ్డు మెత్తబడ్డాక వేపపుల్ల చివర చెక్కి నంబరు సందుల్లోని మురికి తియ్యాలి. పాత పంచె గుడ్డతో అద్ది, నీడలో ఆరబెట్టి, చివరికి తేనెమైనం పలచగా పూయాలి. ఆ తరవాత ఒట్టి చేతులతో ముట్టుకోకూడదు, చెమట తగిలితే ఇత్తడి మచ్చపడుతుందట. చింతపండు పేరెత్తితే ఆయనకు ఒళ్ళు మండేది. చింతపండుతో తోమితే తళతళలాడుతుంది, కానీ తోమిన ప్రతిసారీ పైపొర కొంచెం కొంచెంగా పోయి చివరికి నంబరే మిగలదని చెప్పేవాడు. ఈ పాఠం నాకు ఎక్కాలకంటే బాగా వచ్చు. నల్ల ముఖమల్ గుడ్డ మీద బిళ్ళలన్నీ నంబరు పైకి కనిపించేలా వరుసగా నిలబడి ఉండేవి. వెనక వైపు ఎవరు చూస్తారులే అని ఆయన అటు అంతగా శ్రద్ధ పెట్టేవాడు కాదు.

మా ఇంటి వెనక వఠారం ఉండేది, ఒకే వాకిలి చుట్టూ వరసగా అద్దె గదులు. అందులో మాకు గోడవారగా ఉన్న గదిలో ఒక అక్క ఉండేది. అనంతపురం వైపు నుంచి పెళ్ళి చేసుకుని వచ్చింది. ఆమె భర్త ఆ మిల్లులోనే పనిచేసేవాడు. దూది దుమ్ము ఛాతీకి పట్టి, దగ్గి దగ్గి పోయాడు. ఆయన ఫొటో ఒక్కటీ లేదు. పెళ్ళికి ఫొటోగ్రాఫరును పిలిచేంత స్తోమత వాళ్ళకెక్కడిది? పోయాక చొక్కాలు, పంచెలు ఆనవాయితీ ప్రకారం ఎవరికో ఇచ్చేశారు. రోజులు గడిచేకొద్దీ ఆ ముఖం మరచిపోతానేమోనని భయంగా ఉందని మా అమ్మ దగ్గర కూర్చుని ఏడ్చేది. ఆ మాట వినే నేను తాతయ్య పెట్టె సంగతి ఆమెకు చెప్పాను.

ఆదివారం పొద్దున్నే వచ్చింది. తలారా స్నానం చేసి, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, గుమ్మం దగ్గర నిలబడింది. తాతయ్య నంబరెంతమ్మా అని అడిగాడు. ఆమెకు తెలియదు.

“మా ఇంటాయనకు అంకెలు రావు తాతా. బిళ్ళ వెనకాల మేకుతో మేక కొమ్ములు గీసి పెట్టుకుని ఉండాడు. దినామూ తిప్పి చూసుకుని తీస్తాడంట. ఊర్లో మేకలు కాసినోడు కదా!”

ఆ చివరి మాట అంటున్నప్పుడు కొంచెం నవ్వింది కూడా. తాతయ్య పెట్టె తెరిచాడు. గుడ్డతో అంచులు పట్టుకుని ఒక్కో బిళ్ళనే తిప్పడం మొదలుపెట్టాడు. అన్నిటి వెనక వైపూ చూడటం నాకూ అదే మొదలు. ఒకదాని మీద చుక్క ఉంది, ఒకదాని మీద శిలువలా అడ్డగీత, మరొకదాని మీద చేప లాంటిదేదో. నంబరు చదవలేని వాళ్ళు ఇంతమంది ఉన్నారని అప్పటిదాకా మా ఇద్దరికీ తట్టలేదు.

కింది వరుసలో దొరికింది. రెండు వంకర గీతలు, వాటిలో ఇంకా నల్లటి మురికి ఉంది కాబట్టి స్పష్టంగా కనిపించాయి. అక్క చెయ్యి ముందుకు చాచి, మా ఇంటి నియమం గుర్తొచ్చిందేమో, వెనక్కి తీసుకుని కొంగులో దాచుకుంది. వంగి, కళ్ళు బిళ్ళకు ఆనించినంత పని చేసి చూసింది. ఏడవలేదు. అది చూసి నాకే ఏడుపొచ్చింది.

తాతయ్య బిళ్ళను గుడ్డతోనే మళ్ళీ దాని చోట పెట్టాడు. ఇక్కడే ఉండనీ అమ్మా, నూరేండ్లయినా చెక్కుచెదరదు, చూడాలనిపించినప్పుడల్లా రా అన్నాడు. ఆయన మాటలో మోసం లేదు. వస్తువును ప్రేమించడమంటే దాన్ని దాచడమేనని ఆయన మనస్ఫూర్తిగా నమ్మిన మనిషి. ఆమె తలూపింది. తలూపిందే గానీ కదల్లేదు. కాసేపటికి తాతయ్యే అడిగాడు, ఇస్తే ఏం చేసుకుంటావమ్మా అని.

“దీపం కాడ పెట్టుకుంటా తాతా. శుక్రవారం శుక్రవారం కుందులతో పాటు చింతపండేసి తోమి, బొట్టు పెడ్తా” అంది.

నేను తాతయ్య వైపు చూశాను. ఇప్పుడు పడుతుంది వాయింపు అనుకున్నాను. ఆయన గుడ్డ పక్కన పెట్టాడు. ఒట్టి చేత్తో బిళ్ళ తీసి ఆమె అరచేతిలో పెట్టి, ఆమె వేళ్ళను తనే మూశాడు. నేను ఆగలేక “తాతా, చింతపండు...” అనబోతే నా భుజం గట్టిగా నొక్కాడు.

ఆమె వెళ్ళిపోయాక, అట్లా తోమితే కొమ్ములు చెరిగిపోతాయి కదా, చెప్పలేదేమని నిలదీశాను.

“నా కాడుంటే అది ఇత్తడి పాపా. ఆయమ్మ కాడుంటే మనిషి. తోముకోనీ” అన్నాడు. ఆ తరవాత మొహం కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు.

ఆమె అన్నట్టే చేసింది. ప్రతి శుక్రవారం మా గోడ అవతల కుళాయి దగ్గర చింతపండు రుద్దే చప్పుడు వినిపించేది. తాతయ్య పేపరు చదువుతూ ఆ చప్పుడు వినేవాడు. పెట్టెలో ఆ బిళ్ళ ఉన్న చోటు ఖాళీగానే ఉంచాడు. పక్కవాటిని జరిపి సర్దలేదు. వచ్చినవాళ్ళు ఇక్కడొకటి పోయినట్టుందే అంటే, పోలేదప్పా, వాళ్ళింటికి పోయి ఉండాది అనేవాడు.

నేను పై క్లాసులకు వచ్చాక ఒకసారి అక్క నన్ను పిలిచి బిళ్ళ చేతికిచ్చింది. “నీ కండ్లు బాగుంటాయి, చూడు పాపా, కొమ్ములు కనపడతా ఉండాయా?” అంది. వెలుతురులోకి తీసుకెళ్ళి తిప్పి తిప్పి చూశాను. అద్దంలా మెరుస్తోంది, గీత అన్నదే లేదు. నంబరు కూడా సగం పోయింది. ఆమె నా మొహం చూసి, బిళ్ళ వెనక్కి తీసుకుని, బొటనవేలితో ఒకచోట నెమ్మదిగా రాసింది. “నా వేలికి తగులుతా ఉండాయిలే” అంది. ఆమె వేలు కదిలిన తీరు చూశాను. ముందు ఒక వంకర, తరవాత ఇంకో వంకర.

ఇప్పుడు నాకు డెబ్బై దాటింది. మారతహళ్ళిలో కొడుకు ఇంట్లో ఉంటున్నాను. కిందటేడు మా ఆయన పోయారు. ఆయన బూడిదరంగు స్వెట్టరును నేను మెత్తటి గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టుకున్నాను. దానికి ఆయన వాసన అప్పటికింకా ఉండేది. ఎవరూ లేనప్పుడు బీరువా తెరిచి నిలబడేదాన్ని. ఒకరోజు మా మనవరాలు ఆఫీసులో ఏసీ చలి, తాతయ్య స్వెట్టరు వేసుకోనా అవ్వా అని అడిగింది. వద్దనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాని కళ్ళు చూసి, తీసి ఇచ్చాను. రోజూ అదే వేసుకుని వెళ్తోంది. దాని మీద టీ ఒలుకుతోంది, బస్సులో నలుగుతోంది, ఆయన వాసన పోయింది. వాసన పోయిన రోజు బాత్రూంలో తలుపేసుకుని ఏడ్చాను.

మొన్న మోచేతి దగ్గర చిరిగిందని బిక్కమొహంతో తెచ్చి ఇచ్చింది. రంగు కలిసే ఊలు వెతికి, కుట్టి, మళ్ళీ మనవరాలి భుజాల మీద వేశాను.