రెండో మేక చేసిన తప్పేమిటి?

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. గార్ల చుట్టుపక్కల మా వాళ్లందరికీ తెలుసు. అందుకే మా అమ్మ మూడేళ్లు నోరు విప్పలేదేమో.

మూడేళ్ల కిందట మా వడ్ల కల్లంలో వెనక్కి వస్తున్న ట్రాక్టర్ నా నాలుగేళ్ల కొడుకు మీదికెక్కింది. ఎండకు తాళలేక, వడ్ల మీద కప్పే పరదా కింద దూరి పడుకున్నాడు వాడు. ట్రాక్టర్ నడిపినవాడు మా వాడకట్టు మనిషే, నన్ను అక్కా అని పిలిచేవాడు. పంచాయితీలో తల వంచుకుని తప్పు నాదే అన్నాడు. నేను రెండు చేతులతో మన్ను తీసి అతడి తల మీద పోశాను. నోటికొచ్చినట్టు తిట్టాను. ఊళ్లో ఎవరూ పనికి పిలవకపోవడంతో పెళ్లాం పిల్లలతో భూపాలపల్లి వెళ్లిపోయాడు. పీడ విరగడైందనుకున్నాను.

ఆనాటి నుంచి అమ్మ చర్చిలో ప్రభువు బల్ల దగ్గర ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం ముట్టలేదు. మనసులో పగ పెట్టుకుని బల్ల దగ్గరికి వెళ్లకూడదని మావాళ్ల పట్టింపు. అమ్మ కూడా నాలాగే అతడిని క్షమించలేదనుకుని లోలోపల సంతోషించాను.

అమ్మకు చదువు రాదు. ఆదివారం మధ్యాహ్నాలు నేనే బైబిలు చదివి వినిపిస్తాను. మొన్న ఎండాకాలం ఇశ్రాయేలీయుల ప్రాయశ్చిత్త దినం దగ్గరికొచ్చాం. రెండు మేకలు. ఒకటి బలి అవుతుంది. రెండోదాని తల మీద యాజకుడు చేతులు పెట్టి, జనం పాపాలన్నీ ఒప్పుకుని, దాన్ని అడవికి పంపించేస్తాడు. పేజీ తిప్పబోతుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆ రెండో మేక చేసిన తప్పేమిటని అడిగింది. ఏ తప్పూ లేదమ్మా, అంతా మంది చేసిందే అన్నాను.

"ఆ దినం ఎనుక ఎవ్వల్లేరు, తియ్యి అన్నది నేనే బిడ్డా. పోరడు ఇంట్ల పండిండు అనుకున్న."

అమ్మను ఏమేమన్నానో ఇక్కడ రాయలేను. రెండు రోజులు ఆమె వండిన అన్నం ముట్టలేదు. మూడో రోజు ఇద్దరం మహబూబాబాద్ వెళ్లి, బస్సులు మారి భూపాలపల్లి చేరాం.

అతడు ఒక సిమెంటు దుకాణంలో బస్తాలు మోస్తున్నాడు. స్టీరింగు మళ్లీ పట్టలేదట. అమ్మ బజార్లోనే అతడి కాళ్ల మీద పడి అంతా చెప్పేసింది. అతడేమీ ఆశ్చర్యపోలేదు, ఆమెను లేపి స్టూలు మీద కూర్చోబెట్టాడు. అన్ని తిట్లు తిని కూడా నిజం ఎందుకు చెప్పలేదని నేను అతడి మీదే అరిచాను.

"అప్పటికే నీకు కొడుకు పాయె అక్కా. గది జెప్తే అమ్మ గూడ లేకుంట పోతుండె."

మన తప్పు తన మీద వేసుకుని, మన చేతే తిట్లు తిన్నాడని దేవుడి గురించి చర్చిలో పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో! చెప్పడం వేరు. చర్చి గడప ఎన్నడూ తొక్కని మనిషి నా ఎదురుగా సిమెంటు దుమ్ముతో నిలబడి, చాయ్ తాగి పొమ్మంటున్నాడు. ఊరికి రమ్మని బతిమాలాను. చూద్దాం లే అక్కా అన్నాడు.

ఆ ఆదివారం అమ్మ సంఘం ముందు నిలబడి, ట్రాక్టర్ తియ్యమన్నది తానేనని చెప్పింది. ఆ తర్వాత రొట్టె తీసుకుంది. పళ్లెం నా దగ్గరికి వచ్చినప్పుడు నేను చెయ్యి చాపలేకపోయాను. అతడి తల మీద మన్ను పోసింది ఈ చేతులే.